క్లీన్ చేసినా మాల్‌వేర్ నిమిషంలో తిరిగొస్తోంది, బ్యాక్‌డోర్ ఎక్కడ వెతకాలి?

దిల్‌సుఖ్‌నగర్_అడ్మిన్:
దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వర్డ్‌ప్రెస్ సైట్ ఉంది. షేర్డ్ హోస్టింగ్, సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే ప్యానెల్), ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లో నేరుగా కమాండ్‌లు కొట్టే దారి) ఉన్నాయి. గూగుల్‌లో సెంటర్ పేరు కొడితే జపనీస్ అక్షరాల పేజీలు వస్తున్నాయి, నేరుగా తెరిస్తే సైట్ మామూలుగానే ఉంది. ఇండెక్స్ ఫైల్ పైభాగంలోని చెత్త కోడ్ తీసేస్తే నిమిషంలోపే మళ్లీ వచ్చేస్తోంది. పాస్‌వర్డ్‌లన్నీ మార్చాం. ప్లగిన్‌తో స్కాన్ చేస్తే ఏమీ లేదంటోంది. పాత బ్యాకప్ రీస్టోర్ చేస్తే సరిపోతుందా?

కోఠి_లైనక్స్:
అన్నా, రీస్టోర్ ఇప్పుడే వద్దు. బ్యాక్‌డోర్ (హ్యాకర్ మళ్లీ లోపలికి రావడానికి దాచిన కోడ్) నెలల ముందే పెట్టి ఉంటే బ్యాకప్‌లో కూడా అదే ఉంటుంది. ముందు ఫైల్స్, డేటాబేస్, యాక్సెస్ లాగ్ ఇప్పుడున్నవి ఉన్నట్టే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. పాత లాగ్‌లను హోస్టింగ్ వాళ్లు ఎక్కువ రోజులు ఉంచరు.

నిమిషంలో తిరిగొస్తోందంటే సర్వర్‌లోనే ఏదో నడుస్తోంది. ఎస్ఎస్‌హెచ్‌లో మీ యూజర్ కింద నడుస్తున్న ప్రాసెస్‌లు చూడండి. గంటల తరబడి ఆగకుండా నడిచే పీహెచ్‌పీ ప్రాసెస్ కనబడితే ముందు దాన్ని కిల్ చేయండి. దాని ఫైల్ తీసేసినా ప్రాసెస్ మెమరీలో బతికే ఉంటుంది, ఇండెక్స్ ఫైల్‌ని తిరగరాస్తూనే ఉంటుంది. తర్వాత క్రాన్ జాబ్‌లు (టైమ్ ప్రకారం వాటంతటవే నడిచే పనులు), ఎస్ఎస్‌హెచ్ ఆథరైజ్డ్ కీలు (పాస్‌వర్డ్ లేకుండానే లాగిన్ అవనిచ్చేవి) చూసి, మీరు పెట్టనివి తీసేయండి.

మాదాపూర్_పీహెచ్‌పీ:
పైవి ఆగాక ఫైల్స్ సంగతి. వర్డ్‌ప్రెస్ సొంత కోడ్ ఉండే డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ ఫోల్డర్లు మొత్తం డిలీట్ చేసి, అదే వెర్షన్ కొత్తగా ఎక్కించండి. పైపైన ఓవర్‌రైట్ చేస్తే హ్యాకర్ అదనంగా పెట్టిన ఫైల్ అలాగే మిగిలిపోతుంది. ప్లగిన్లు, థీమ్ కూడా అసలు చోటు నుంచే తెచ్చుకోవాలి. నల్డ్ ప్లగిన్ (డబ్బు కట్టాల్సిన ప్లగిన్‌కి పైరేటెడ్ కాపీ) ఏదైనా వాడుతుంటే, దయచేసి ఈరోజే తీసేయండి.

అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఫొటోలు, పీడీఎఫ్‌లు ఉండాలి, పీహెచ్‌పీ ఫైల్ కనబడితే అనుమానించాల్సిందే. ఐకాన్ ఫైల్ పేరుతో కూడా పీహెచ్‌పీ కోడ్ దాస్తారు. ఎంయూ-ప్లగిన్స్ ఫోల్డర్‌ని చాలామంది చూడరు: అందులో పడేసిన ఫైల్ యాక్టివేట్ చేయకుండానే నడుస్తుంది, మామూలు ప్లగిన్ల జాబితాలో కలవదు. యూజర్ డాట్ ఐఎన్ఐ అనే పీహెచ్‌పీ సెట్టింగ్‌ల ఫైల్‌లో ఆటో ప్రీపెండ్ అనే లైన్ ఉంటే, ప్రతి పేజీకి ముందు ఆ లైన్‌లో పేరున్న ఫైల్ నడుస్తుంది. హెచ్‌టీయాక్సెస్ (వెబ్ సర్వర్ సెట్టింగ్‌లు), డబ్ల్యూపీ-కాన్ఫిగ్ (వర్డ్‌ప్రెస్ సెట్టింగ్‌లు) ఫైల్స్ లైన్ లైన్‌గా చదవాలి.

కోడ్‌ని దాచి నడపడానికి వాడే ఇవాల్, బేస్64 లాంటి పదాలు వెతకడం మంచిదే, కానీ మంచి ప్లగిన్లలోనూ అవి ఉంటాయి, తెలివైన బ్యాక్‌డోర్ వాటిని ముక్కలు చేసి రాస్తుంది. ఫైల్ మార్చిన తేదీని కూడా నమ్మొద్దు, టచ్ కమాండ్‌తో వెనక్కి జరపొచ్చు. సీటైమ్ (ఫైల్ వివరాలు చివరిగా మారినప్పుడు సిస్టమే రాసుకునే సమయం) ప్రకారం వెతకండి, దాన్ని అంత సులువుగా మార్చలేరు.

దిల్‌సుఖ్‌నగర్_అడ్మిన్:
ప్రాసెస్ కిల్ చేశాక ఇండెక్స్ ఫైల్ నిలబడింది. ఎంయూ-ప్లగిన్స్‌లో మాది కాని ఫైల్ ఒకటి ఉంది. డేటాబేస్‌లో ఏం చూడాలి?

కోఠి_లైనక్స్:
యూజర్ల హక్కులు రాసి ఉండే యూజర్‌మెటా టేబుల్‌లో అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉన్నవాళ్లను నేరుగా లెక్కపెట్టండి. డ్యాష్‌బోర్డ్ చూపించే సంఖ్యతో కలవకపోతే, ఎవరినో కోడ్‌తో దాచారు. అప్లికేషన్ పాస్‌వర్డ్‌లు (బయటి యాప్‌లు సైట్‌లోకి రావడానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే వేరే పాస్‌వర్డ్‌లు) రద్దు చేయండి, మామూలు పాస్‌వర్డ్ మార్చినా అవి పనిచేస్తూనే ఉంటాయి. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో లాగిన్లను కాపాడే 8 రహస్య కీలు, సాల్ట్‌లు మార్చితే పాత లాగిన్లన్నీ తెగిపోతాయి. ఇప్పుడు డేటాబేస్, ఎఫ్‌టీపీ, సీప్యానెల్ పాస్‌వర్డ్‌లు మళ్లీ మార్చండి. బ్యాక్‌డోర్ ఉండగా మార్చినవి వాళ్లు చదివేసి ఉండొచ్చు.

అదే అకౌంట్‌లో వేరే సైట్లు, పాత టెస్ట్ ఫోల్డర్లు ఉంటే వాటికీ ఇదంతా చేయాలి, లేకపోతే అక్కడి నుంచి మళ్లీ వస్తారు.

మాదాపూర్_పీహెచ్‌పీ:
గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైట్ గూగుల్‌కి ఎలా కనబడుతోందో ఓనర్లకు చూపించే టూల్) ఓనర్ల జాబితా చూడండి. తెలియని ఓనర్ ఉంటే ముందు వాళ్ల వెరిఫికేషన్ ఫైల్ తీసి, తర్వాత ఓనర్‌ని తీయండి, వాళ్లు పెట్టిన సైట్‌మ్యాప్ కూడా. యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో గూగుల్‌కి ఏ పేజీ వెళ్తోందో చూస్తేనే శుభ్రమైందో లేదో తెలుస్తుంది.

ఆ ఎంయూ-ప్లగిన్ ఫైల్ సీటైమ్ పట్టుకుని, లాగ్‌లో దానికి కాస్త ముందు వచ్చిన పోస్ట్ రిక్వెస్ట్‌లు (బయటి నుంచి సైట్‌కి డేటా పంపినవి) చూడండి. ఏ ప్లగిన్ దారిన లోపలికొచ్చారో అక్కడ తెలిసే అవకాశం ఎక్కువ. పిల్లల ఫోన్ నంబర్లు, ఫీజుల వివరాలు ఆ డేటాబేస్‌లోనే ఉంటే సెంటర్ యాజమాన్యానికి ఇవాళే చెప్పండి: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనను గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి.