లొంగిపోయినవాళ్ళు ఎదురు తుపాకీ పడితే యుద్ధం తొందరగా అయిపోతుందా?

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6:

గ్రూప్-1కి చదువుతున్నా. నిన్న టెస్ట్ సిరీస్‌లో వచ్చిన ఎస్సే టాపిక్ ఇది: లొంగిపోయిన తిరుగుబాటుదారుల్ని ప్రభుత్వం తన తరఫున పోరులోకి దింపొచ్చా? ఇలాంటివి వస్తే నా చెయ్యి ఆగదు. 2025 అక్టోబర్‌లో ఒకే వారంలో మావోయిస్టు అగ్రనేతలు గడ్చిరోలిలో మల్లోజుల వేణుగోపాల్, జగదల్‌పూర్‌లో ఆశన్న తమ వాళ్ళతో సహా ఆయుధాలు అప్పగించిన సంగతి ఎత్తుకుని, చూశారా ఎలా చల్లారిందో అని నాలుగు పేజీలు నింపేశా. దిద్దిన సార్ చివర్లో ఎర్ర ఇంకుతో ఒకటే ముక్క రాశారు: "ఆ తర్వాత?"

రూమ్మేట్‌ది నల్గొండ. "నయీం సంగతి రాయకుండా ఈ టాపిక్ ఎట్లా రాసినవ్‌రా" అని రాత్రంతా నా బుర్ర తినేశాడు. అసలు అటువైపు నుంచి వచ్చినవాడి వల్ల యుద్ధంలో ఏం మారుతుంది, తర్వాత రాజకీయాల్లో ఏమవుతుంది? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

పాత డెస్కు:

తమ్ముడూ, నువ్వు రెండు విషయాల్ని కలిపేశావు. లొంగిపోవడం వేరు, లొంగిపోయి మళ్ళీ తుపాకీ పట్టడం వేరు. వేణుగోపాల్, ఆశన్న చేసింది మొదటిది. నీ టాపిక్ అడిగింది రెండోది, అంటే ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్) లాంటిది. స్థానిక ఆదివాసీ కుర్రాళ్ళు, వాళ్ళతో పాటు లొంగిపోయిన మాజీ మావోయిస్టులు ఉండే పోలీసు బలగం అది. ఎక్కడో హర్యానా నుంచి వచ్చిన జవానుకి అడవి అంటే చెట్లు. మాజీకి మే నెలలో ఏ చెలమలో నీళ్ళుంటాయో తెలుసు, దళం ఎక్కడ ఆగి వండుకుంటుందో, సెంట్రీ ఎప్పుడు మారతాడో, ఊళ్ళో ఎవరింటి నుంచి బియ్యం వెళ్తాయో తెలుసు, పైగా గోండి వచ్చు. 2025 మే 21న అబూజ్‌మఢ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి బసవరాజు సహా పాతికమందికి పైగా చనిపోయిన ఆపరేషన్ చేసింది డీఆర్‌జీయే.

దెబ్బ తగిలేది కూడా వాళ్ళకే. అదే ఏడాది జనవరి 6న బీజాపూర్ జిల్లాలో మందుపాతర పేలి ఎనిమిది మంది డీఆర్‌జీ జవాన్లు, డ్రైవరు చనిపోయారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు మాజీ మావోయిస్టులే.

నన్నడిగితే తూటా కంటే పెద్ద నష్టం అనుమానం. ఒక్కడు అటు వెళ్ళాడంటే మిగిలినవాళ్ళలో ఎవడు పోలీసుల కోవర్టో అన్న భయం మొదలవుతుంది. ఆయుధాలు దాచిన డంపులు మార్చాలి, కొరియర్లని మార్చాలి, ఇన్ఫార్మర్ అని ఊళ్ళో ఎవరినో చంపుతారు, ఆ ఊరు దూరమవుతుంది.

ఇక నీ రూమ్మేట్ మాట. నక్సలైట్ల మీద పోరాడే పోలీసు బలగం గ్రేహౌండ్స్‌ని ఏర్పాటు చేసిన ఐపీఎస్ అధికారి వ్యాస్‌ని 1993 జనవరిలో మన ఎల్బీ స్టేడియంలోనే కాల్చి చంపారు. ఆ కేసులో నిందితుడు అప్పటి నక్సలైట్ నయీం. అదే నయీం తర్వాత పోలీసులకి సమాచారం ఇచ్చే మనిషిగా మారాడని, ఆ అండతోనే భూముల సెటిల్‌మెంట్లు, బెదిరింపులు, హత్యలు సాగించాడని ఆరోపణలు. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసుల కాల్పుల్లోనే పోయాడు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నా. హెడ్డింగులో "మాజీ నక్సలైట్" అనాలా "గ్యాంగ్‌స్టర్" అనాలా అని డెస్కులో అరగంట వాదన, అవతల ఎడిషన్ టైమ్ దాటిపోతోంది. చివరికి రెండూ పెట్టాం.

మిర్చీబజ్జీ:

నాలుగు పేజీలకి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పలేదు బ్రో.

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6:

అది తప్ప ఏదైనా అడుగు.

మణికొండ నైట్‌షిఫ్ట్:

ఎస్సేకి బయటి ఉదాహరణలు కావాలంటే శ్రీలంక చూడు, ఇంతకంటే సూటిది దొరకదు. ఎల్టీటీఈ, అంటే తమిళ పులుల్లో తూర్పు ప్రాంతం కమాండర్ కరుణ 2004 మార్చిలో అధినేత ప్రభాకరన్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. చనిపోయేదీ మేమే, పెత్తనం ఉత్తరం వాళ్ళదీనా అన్నది ఆయన ఫిర్యాదు. అంటే సిద్ధాంతం మారలేదు, ఇంట్లో వాటాల గొడవ. తర్వాత ఆయన వర్గం ప్రభుత్వం వైపు చేరింది. తూర్పు నుంచి వచ్చే కుర్రాళ్ళు పులులకి తగ్గిపోయారు, 2007 కల్లా ఆ ప్రాంతం మొత్తం సైన్యం చేతికొచ్చింది, 2009 మేలో యుద్ధమే అయిపోయింది. ఈలోగా కరుణ ఎంపీ, ఆ వెంటనే మంత్రి. ఆయన అనుచరుడు పిళ్ళయాన్ 2008లో తూర్పు రాష్ట్రానికి ముఖ్యమంత్రి. కిడ్నాపులు చేశారని, చిన్నపిల్లల్ని తమ సాయుధ దళంలో చేర్చుకున్నారని ఆ వర్గం మీద ఆరోపణలు ఉండగానే ఈ పదవులు. గెలిచినవాడికి అవసరం ఉన్నంతకాలం పాత కేసులు ఎవరికీ గుర్తుండవు.

ఇరాక్‌ది దీనికి తిరగేసిన కథ. అన్బార్‌లో 2006 నుంచి సున్నీ తెగలు అల్‌ఖైదాకి ఎదురు తిరిగాయి, వాళ్ళలో నిన్నటిదాకా అమెరికన్ల మీద కాల్పులు జరిపినవాళ్ళు బోలెడుమంది. అమెరికన్లు నెలకి 300 డాలర్ల చొప్పున ఇస్తూ లక్ష మంది దాకా కాపలాకి పెట్టారు, హింస బాగా తగ్గింది. 2008లో ఆ జీతాల బాధ్యత బాగ్దాద్ ప్రభుత్వానికి అప్పజెప్పారు. ఐదో వంతు మందిని సైన్యం, పోలీసుల్లోకి తీసుకుంటామన్న మాట కూడా సరిగ్గా నిలబెట్టుకోలేదు. షియా నాయకత్వానికి వాళ్ళంటే నమ్మకం లేదు మరి. 2014లో ఐసిస్ మోసుల్‌ని పట్టుకున్నప్పుడు ఈ వీధి కాపలా చాలాచోట్ల మిగిలి లేదు. ఐసిస్ రావడానికి ఇదొక్కటే కారణం అనను, సిరియా యుద్ధం ఉంది, ఇంకా చాలా ఉన్నాయి.

కోర్టు చెట్టు కింద:

అందరూ "పనిచేస్తుందా" అనే అడుగుతున్నారు, "చట్టం ఒప్పుకుంటుందా" అని ఒక్కరూ అడగలేదు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకి ఎదురుగా సల్వాజుడుం అనే దండు మొదలైంది, ఆదివాసీ కుర్రాళ్ళని ఎస్పీవోలుగా (స్పెషల్ పోలీస్ ఆఫీసర్లు) పెట్టి నెలకి 3000 రూపాయల గౌరవ వేతనంతో తుపాకీ ఇచ్చారు. నందినీ సుందర్ వేసిన కేసులో 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధం అంది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన జస్టిస్ సుదర్శన్‌రెడ్డి. ఆ తీర్పు తర్వాత రాష్ట్రం కొత్త చట్టం తెచ్చి చాలామంది ఎస్పీవోల్ని వేరే పేరుతో బలగంలో చేర్చుకుంది. సల్వాజుడుంకి ముందు నిలబడిన కాంగ్రెస్ నేత మహేంద్ర కర్మని 2013లో ఝీరం ఘాటీలో మావోయిస్టులు చంపారు. తీర్పు వచ్చిన పద్నాలుగేళ్ళకి, 2025లో సుదర్శన్‌రెడ్డి ఉపరాష్ట్రపతి ఎన్నికలో నిలబడితే అమిత్ షా తవ్వి తీసింది ఈ తీర్పునే. దేశీయ రాజకీయాల మీద ప్రభావం అంటే ఇదే, ఎస్సేలో రాసుకో.

మాజీకి పోలీసు ఉద్యోగం ఇవ్వడం తప్పని నేను అనను. బ్యాడ్జి నంబరుండాలి, పెన్షన్ ఉండాలి, తప్పు చేస్తే కేసుండాలి. పౌరహక్కుల నాయకులు పురుషోత్తం 2000లో, ఆజం అలీ 2001లో హత్యకి గురైనప్పుడు, లొంగిపోయిన మాజీలతో పోలీసులే చేయించారని హక్కుల సంఘాలు గొంతెత్తాయి. బ్యాడ్జి లేని తుపాకీకి జవాబు చెప్పేదెవరు?

పాత డెస్కు:

ఆ రోజుల్లో గ్రీన్ టైగర్స్, కోబ్రాలు అనే ముఠాల పేర్లతో ఆఫీసుకి బెదిరింపు కాగితాలు వచ్చేవి. ఎవరు పంపారో తెలియదు, వేస్తే ఒక తంటా, వేయకపోతే ఇంకో తంటా.

ములుగు రోడ్డు:

పెద్ద పెద్ద దేశాల సంగతి నాకు తెల్వదు, మా చిన్నాయన సంగతి చెప్తా. తొంభైల్లో దళం నుంచి బయటికొచ్చి లొంగిపోయాడు. తర్వాత పోలీసులు పాత తోవలు చూపించమని రెండుసార్లు జీపులో తీసుకెళ్ళారు. ఆయన చూపించాడా, తప్పు తోవ పట్టించాడా, ఇంట్లో ఎవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఊరికి మాత్రం జీపెక్కడం కనిపించింది. ఆ తర్వాత పెళ్ళి కార్డు మా ఇంటికి రావడం ఆగిపోయింది. ఉప్పల్ వచ్చి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరాడు, ఇప్పటికీ అక్కడే. ఛాయ్ దుకాణంలో ఎప్పుడూ గోడకి వీపు ఆనించి, రోడ్డు కనపడేట్టు కూర్చుంటాడు. ఆ కుర్చీ ఖాళీ లేకపోతే నిలబడే తాగుతాడు.

మా దగ్గర సీతక్క కూడా దళంలో పనిచేసిన మనిషే. బయటికొచ్చి లా చదివింది, 2009లో ఎమ్మెల్యే అయింది, 2023 డిసెంబర్‌లో మంత్రి. మాజీ అన్న మాట ఆమెకి ఓట్లు తెచ్చింది, మా చిన్నాయనకి ఊరు పోగొట్టింది. అయినా ఎలక్షన్లొస్తే రెండు పార్టీలవాళ్ళూ ఉప్పల్ దాకా వచ్చి, అన్నా నువ్వొక్క మాట చెప్తే పాతోళ్ళంతా మనకే వేస్తారు అంటారు. ఆయన మాట వినే పాతోళ్ళు ఎవరున్నారో నాకైతే అర్థం కాదు.

అశోక్‌నగర్ రూమ్ నంబర్ 6:

అన్నా, ఆయన్ని ఒకసారి కలవొచ్చా? ఎస్సే కోసం కాదు.

ములుగు రోడ్డు:

రా తమ్మీ, ఛాయ్ తాగిపో. కానీ దళంలో ఉన్నప్పటి పేరు ఎత్తకు. మా ఊళ్ళో ముసలోళ్ళు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు, పలుకుతాడు. హైదరాబాద్ రోడ్డు మీద ఎవరన్నా ఆ పేరు పిలిస్తే మాత్రం తిరిగి చూడడు, నడక కూడా మార్చడు.