పీహెచ్‌సీ డాక్టర్లకు మానసిక వైద్యానికి పారితోషికం ఇస్తే మేలు జరుగుతుందా?

ప్రశ్న (వైద్యాధికారి, ములుగు జిల్లా):
జ్వరాల కాలంలో మధ్యాహ్నంలోపే ఎనభై ఓపీ చీట్లు చూడవలసి వస్తుంది. అటువంటి రోజున గుండెదడ, నిద్రలేమి అంటూ వచ్చిన మనిషి లోపలి దిగులును బయటికి రప్పించాలంటే అరగంట పడుతుంది, కానీ ఆ అరగంట ఏ నివేదికలోనూ కనిపించదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది, నేనూ శిక్షణ పొందాను. అయినా ఇటువంటి రోగిని వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి రాసి పంపడమే నాకు సులువుగా ఉంటున్నది. రోగికి ఇంత అని డాక్టరుకు చెల్లిస్తే ఈ తీరు మారుతుందా?

జవాబు 1 (విశ్రాంత మానసిక వైద్యుడు, హనుమకొండ):
డాక్టర్ గారూ, తల లెక్కన చెల్లిస్తే ముందుగా నిండేది రిజిస్టరే. నిద్ర పట్టని ప్రతి ముసలాయనా డిప్రెషన్ రోగి అయిపోతాడు. బ్రిటన్‌లో 2004 నుంచి తీవ్ర మానసిక రోగుల జాబితా ఉంచినందుకు, తర్వాతి ఏళ్లలో వారి రక్తపోటు చూసినందుకు కూడా కుటుంబ వైద్యులకు పాయింట్ల లెక్కన డబ్బు ఇచ్చారు. లెక్కకు అందే పని చక్కగా జరుగుతుంది, రోగి మాట ఓపికగా వినడం మాత్రం ఏ పాయింటుకూ అందదు. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన పథకం నాకు కొంత నయమనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఇప్పుడు చికిత్స ప్రణాళిక రాయడానికి డాక్టరు వెచ్చించిన సమయాన్ని బట్టి రుసుము మారుతుంది. మీరు అడుగుతున్నది కూడా ఆ అరగంట విలువే కదా.

జవాబు 2 (ఆశా కార్యకర్త):
సార్, రోగి మీ గది దాకా రావడానికి ముందు జరిగే పని కూడా చూడండి. మా ఊళ్లో ఒక అబ్బాయిని వాళ్లమ్మ రెండేళ్లు బయటికి రానివ్వలేదు. గాలి సోకిందని, మేడారంలో ఎత్తు బంగారం, అంటే మనిషి బరువంత బెల్లం, మొక్కుకున్నానని చెప్పేది. మొక్కు చెల్లించు, సూది కూడా వేయిద్దాం అని నచ్చజెప్పడానికి ఎనిమిది సార్లు వాళ్ల గడప తొక్కాను. ఇప్పుడు అతని సూది కార్డు సమ్మక్క పటం వెనుకే ఉంటుంది, నెల కాగానే ఆమే తీసి ఇస్తుంది. కాన్పుకూ టీకాకూ మాకు పారితోషికం ఉంది, ఆ ఎనిమిది తిరుగుళ్లకు మాత్రం ఏమీ రాలేదు.

జవాబు 3 (రోగి అన్న, భూపాలపల్లి):
డాక్టరుకు డబ్బు ఇవ్వండి, కాదనను. అయితే మందులు నిండుకున్న నెలలో మా తమ్ముడు మళ్లీ గోడలతో మాట్లాడడం మొదలుపెట్టాడు. అతన్ని వరంగల్ తీసుకుపోవాలంటే నాకు ఒక రోజు కూలీ పోతుంది, దానికి తోడు ఇద్దరి ఛార్జీలు.

ప్రశ్న అడిగినవారు:
అమ్మా, మీ మాటతో నా ప్రశ్నే మారిపోయింది. మొదటి చూపుకు కాక, ఆరు నెలల తర్వాత కూడా మందు మానని రోగిని లెక్కలోకి తీసుకుని, ఆ మొత్తాన్ని డాక్టరుకూ ఆశాకూ పంచాలని, మందు మా దగ్గరే లేక చికిత్స ఆగితే దానిని రోగి తప్పుగా రాయకూడదని ప్రతిపాదన తయారుచేస్తున్నాను. చిక్కల్లా ఒకటే: ఆరో నెల హాజరును ధ్రువీకరించవలసిందీ నేనే, డబ్బు తీసుకునేదీ నేనే. ఆ సంతకం ఎవరి చేత పెట్టించాలో మీలో ఎవరైనా చెప్పగలరా?