న్యూయార్క్ సిటీ ట్రిబ్యునల్‌లో మన లాయర్లకు పని దొరుకుతుందా?

అందరికీ నమస్తే. హనుమకొండలో ఆరేళ్లు ప్రాక్టీస్ చేశాను. సివిల్ కేసులతో పాటు, చార్జ్ మెమో (శాఖాపరమైన ఆరోపణల నోటీసు) అందుకున్న టీచర్లకు వివరణలు రాసిచ్చేదాన్ని. మా ఆయన ఉద్యోగం వల్ల పోయిన నెల న్యూయార్క్ సిటీలోని క్వీన్స్‌కు వచ్చాం. ఇక్కడ సిటీకే ‘ఓత్’ (ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రయల్స్ అండ్ హియరింగ్స్) అని సొంత ట్రిబ్యునల్ ఉందట. అందులో నాకేమైనా దారి ఉందా?

——

చెల్లె, మాది కాజీపేట. నువ్వు రాసిచ్చిన ఆ వివరణలే ఇక్కడ నీ బలం. ఓత్ 1979లో మొదలైంది. కోర్టులా కనిపిస్తుంది గానీ సిటీ ప్రభుత్వంలో భాగమే. ట్రయల్స్ విభాగంలో సిటీ ఉద్యోగుల క్రమశిక్షణ కేసులు నడుస్తాయి, అంటే మన డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీనే. చాలా కేసుల్లో జడ్జి సిఫారసు చేస్తారు, ఆఖరి మాట ఆ శాఖ అధిపతిది. అది నచ్చకపోతే ‘ఆర్టికల్ 78’ కింద, అంటే ప్రభుత్వ నిర్ణయాలను సవాలు చేసే ఇక్కడి రాష్ట్ర చట్టం కింద, కోర్టుకు పోవచ్చు. మన రాజ్యాంగం 226 కింద హైకోర్టులో వేసే రిట్ గుర్తొస్తుంది కదా!

హియరింగ్స్ విభాగం వేరు. ఫుట్‌పాత్ మీద చెత్త, పర్మిట్ లేని కట్టడం, హోటల్ కిచెన్‌లో ఎలుకలు, ఇట్లాంటి సమన్లన్నీ అక్కడికే. వాటిని వినే హియరింగ్ ఆఫీసర్లు లాయర్లే, చాలామందికి పనిచేసిన గంటలకే డబ్బులు. అయితే న్యూయార్క్ లాయర్ లైసెన్స్ లేనిదే అప్లై చేయలేవు. ట్రయల్స్ జడ్జికైతే లైసెన్స్ వచ్చి కనీసం ఐదేళ్లు కావాలి.

అందాకా ఖాళీగా కూర్చోకు. ట్రయల్స్ ఎవరైనా వెళ్లి చూడొచ్చు. తీర్పులు న్యూయార్క్ లా స్కూల్ వాళ్ల ‘సిటీఅడ్మిన్’ సైట్‌లో ఉచితం. రోజుకు రెండు చదివితే ఇక్కడ తీర్పులు ఎట్ల రాస్తారో పట్టుబడుతుంది. ఇంకోటి, హియరింగ్స్‌లో లాయర్ కానివాళ్లు కూడా రిజిస్టర్ చేసుకుని దుకాణాల తరఫున మాట్లాడొచ్చు. నీది డిపెండెంట్ వీసా అయితే మాత్రం వర్క్ పర్మిట్ రాకముందు రూపాయి కూడా తీసుకోకు.

——

అక్క చెప్పింది కరెక్టే. లైసెన్స్ సంగతి నేను చెప్తా. ముందు ఇక్కడ లాయర్ల పరీక్ష పెట్టే బార్ ఎగ్జామినర్స్ బోర్డుకు నీ డిగ్రీల వివరాలు పంపాలి. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ సరిపోతుందని వాళ్లు ఒప్పుకుంటే నేరుగా పరీక్ష రాయొచ్చు. కాలవ్యవధిలోనో సబ్జెక్టుల్లోనో లోటుందంటే ఇక్కడ 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేయాలి. అది ఖర్చుతో కూడిన పని, అందుకే బోర్డు జవాబు రాకముందే ఏ కాలేజీకీ ఫీజు కట్టకు. పరీక్షలో 400కి 266 రావాలి. పైగా ఎథిక్స్ పరీక్ష, 50 గంటల ఉచిత న్యాయసేవ కూడా ఉంటాయి.

——

థ్యాంక్స్ అక్కా, అన్నా. సర్టిఫికెట్లు అమ్మవాళ్లింట్లో బీరువాలో ఉన్నాయి. నాన్న వచ్చే నెల వస్తున్నారు, తెమ్మంటే సరిపోతుందా?

——

సరిపోదు చెల్లె. నేనూ అట్లనే సూట్‌కేసులో పచ్చడి సీసాల మధ్య తెచ్చుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నా. ట్రాన్స్‌క్రిప్ట్ (సబ్జెక్టులు, మార్కుల పత్రం) యూనివర్సిటీ నుంచి నేరుగా బోర్డుకే చేరాలి. ఆథరైజేషన్ లెటర్ రాసిచ్చి, ఫ్లైట్ ఎక్కకముందే నాన్నను ఎగ్జామ్ బ్రాంచ్‌కు పంపు.