అప్‌డేట్: బడిలో సాంఘిక శాస్త్రం టీచర్‌ని నేనొక్కదాన్నే, తోడు దొరికింది

మా బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేది నేనొక్కదాన్నే, పాఠాల గురించి చర్చించుకునే తోడు ఎక్కడ దొరుకుతుందని ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనికొచ్చింది జపాన్‌లో పుట్టిన పాఠ అధ్యయన పద్ధతి. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసి ఒకే పాఠం తయారుచేస్తాం. ఒకరు బోధిస్తుంటే మిగతావాళ్లు పిల్లల పక్కన కూర్చుని వాళ్ల మాటలు రాసుకుంటారు. టీచర్‌కు మార్కులు వేయడం ఉండదు, దీని ప్రాణమంతా అక్కడే ఉంది. మొదట మెర్కేటర్ పటం, అంటే 1569లో మెర్కేటర్ నావికుల కోసం తయారుచేసిన ప్రపంచ పటం పద్ధతి, తీసుకున్నాం. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా సుమారు 14 రెట్లు పెద్దదని వైశాల్యాలు పోల్చి తెలుసుకున్న ఒక అబ్బాయి, "మరి ఈ పటం ఎవరి కోసం గీశారు?" అని అడిగాడు. తర్వాతి పాఠాన్ని ఆ ప్రశ్న నుంచే అల్లుకున్నాం: 1569 నాటి నావికుల అవసరాలు.

అమెరికాలోని నేషనల్ కౌన్సిల్ ఫర్ ది సోషల్ స్టడీస్ 2013లో ప్రచురించిన సీ3 ఫ్రేమ్‌వర్క్ (సాంఘిక శాస్త్ర బోధనకు మార్గదర్శకాలు) కూడా, ప్రశ్నతో పాఠం మొదలుపెట్టడానికి బాగా ఉపయోగపడింది.

సర్టిఫికెట్ కోర్సులకూ నా సమస్యకూ సంబంధం లేదని తేలింది. పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో ప్రశ్నపత్రాలు దొరుకుతాయి గానీ చర్చ దొరకదు.

ఇద్దరున్నా మొదలుపెట్టండి. పీరియడ్ల సర్దుబాటుకు ప్రధానోపాధ్యాయుల అనుమతి ముందే తీసుకోండి, మాకు ఎక్కువ ఆలస్యమైంది అక్కడే.