ఒక్క న్యూరాన్ ఎక్కువ సంక్లిష్టమా, ఏకకణ జీవా?

పిరమిడ్:
చెరువు నీళ్లలోని ఏకకణ జీవి తన బతుకు తానే బతుకుతుంది కాబట్టి మన న్యూరాన్ (నాడీకణం) కన్నా అదే సంక్లిష్టమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 2021లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుక మెదడు పైపొర అయిన కార్టెక్స్‌లోని ఒక పిరమిడల్ న్యూరాన్ (పిరమిడ్ ఆకారపు కణం) కంప్యూటర్ మోడల్ తీసుకుని, దాని పనిని కంప్యూటర్‌లోని కృత్రిమ న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పించారు. ఆ నెట్‌వర్క్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా లెక్కగట్టే పొరలు 5 నుంచి 8 పెడితే గానీ కుదరలేదు. ఒక్క కణానికండీ!

చెరువుగట్టు:
పిరమిడ్ గారూ, స్టెంటార్‌ని ఒకసారి చూడండి. బాకా ఆకారంలో ఉండే ఒకే ఒక్క కణం, నరం అన్నదే లేదు. జీవశాస్త్రవేత్త జెన్నింగ్స్ 1906 నాటి పుస్తకంలో దీని సంగతి రాశాడు. నోటి దగ్గర కార్మైన్ అనే ఎర్ర రంగు పొడి వదిలితే ముందు పక్కకు వంగుతుంది. అయినా పొడి ఆగకపోతే సీలియాను (ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లాంటివి) ఎదురు కొట్టి నీటిని బయటికి నెడుతుంది. అదీ పనిచేయకపోతే ముడుచుకుపోతుంది. చివరికి పట్టు వదిలేసి ఈదుకుంటూ వెళ్లిపోతుంది. తర్వాత ఇంకొకరు వేరే జాతి మీద ప్రయత్నిస్తే ఇలా జరగలేదు, దాంతో దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. 2019లో హార్వర్డ్ వాళ్లు సరైన జాతినే తీసుకుని, పొడి బదులు ప్లాస్టిక్ పూసలు వదిలి చూశారు. ప్రతి జీవీ అన్ని మెట్లూ ఎక్కలేదు గానీ, జెన్నింగ్స్ చెప్పిన వరుస మొత్తమ్మీద నిజమేనని తేలింది.

నీటిచుక్క:
పారమీసియం అనే ఏకకణ జీవిని కూడా కలపండి. ముందు అడ్డం తగిలితే కాల్షియం లోపలికి దూకి సీలియా తిరగబడతాయి, అది వెనక్కి వెళ్తుంది. అదీ న్యూరాన్లలో పుట్టే విద్యుత్ సంకేతం లాంటి యాక్షన్ పొటెన్షియలే.

పిరమిడ్:
బతకడం వేరు, లెక్కగట్టడం వేరు కదండీ. అదే మోడల్‌లోంచి ఎన్‌ఎండీఏ రిసెప్టార్లు (సంకేతాలు అందుకునే ఒక రకం ప్రొటీన్లు) తీసేస్తే ఒక్క లోపలి పొరతోనే పని అయిపోయింది. అంటే ఆ లోతు నెట్‌వర్క్ ఇచ్చింది కాదు, సంకేతాలు అందుకునే ఆ కణం కొమ్మల్లో, అంటే డెండ్రైట్లలోనే ఉంది. ఇక సెరెబెల్లం (చిన్నమెదడు)లోని పర్కింజీ అనే రకం న్యూరాన్‌కైతే లక్షకు పైగా సినాప్సులు (వేరే న్యూరాన్లతో కలిసే చోట్లు).

చెరువుగట్టు:
డెండ్రైట్ల సంగతి కాదనను. కానీ ఆ పొరలు కొలిచింది ఒక్కటే: ఫలానా సంకేతాలు వస్తే కణం ఎప్పుడు స్పైక్ కొడుతుందని, అంటే విద్యుత్ సంకేతం పంపుతుందని. స్టెంటార్‌ని ముక్కలుగా కోస్తే, కేంద్రకంలో కొంత భాగం ఉన్న చిన్న ముక్క కూడా నోరు, తోక మళ్లీ కట్టుకుని పూర్తి జీవి అవుతుంది. న్యూరాన్ ఆక్సాన్ (సంకేతాన్ని బయటికి మోసే పొడవాటి తీగ) తెగితే, కణదేహానికి దూరమైన ముక్క నశించిపోతుంది. తన ఆకారాన్ని తానే తిరిగి కట్టుకునే ఈ పనిని మీరు ఏ పొరల లెక్కలో వేస్తారు?