ఉన్నట్టుండి మా పెద్దమ్మ వేరే మనిషిలా మారిపోయింది. ముందు ఏ డాక్టర్‌కి చూపించాలి?

మా పెద్దమ్మకి 76 ఏళ్లు. మాతోనే ఉంటుంది. లెక్కల టీచర్‌గా పనిచేసి రిటైరైంది. గొంతు పెంచి మాట్లాడటం ఆవిడకి అలవాటే లేదు. క్లాసులో కూడా ఎవరినీ గట్టిగా కసిరేది కాదని ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. నన్ను చిన్నప్పుడు పెంచింది ఆవిడే.

అలాంటి మనిషి వారం తిరగకుండానే మారిపోయింది. పెన్షన్ పాస్‌బుక్ నేనే కాజేశానంటుంది. మావారిని చూసి "ఇతనెవరు, ఇంట్లోకి ఎందుకు రానిచ్చావ్?" అని అడిగింది. ఆవిడ నోట ఎన్నడూ వినని తిట్లు వింటున్నాను. వింత ఏమిటంటే పొద్దున్నపూట దాదాపు మామూలుగానే ఉంటుంది. పేపర్ తిరగేస్తుంది, పిల్లల్ని పలకరిస్తుంది. చీకటి పడేసరికి గోడ మీద ఏవో పాకుతున్నాయని చేత్తో తుడుస్తూ ఉంటుంది. మధ్యాహ్నం మాట్లాడుతూ మాట్లాడుతూనే జోగుతుంది. నిన్న 20లోంచి మూడేసి చొప్పున తీసేస్తూ పొమ్మంటే 17 అని ఆగిపోయింది. నాకు కాళ్లలో వణుకొచ్చింది.

జ్వరం లేదు. షుగర్ లేదు. బీపీ ఉంది, ఈ మధ్యే మాత్ర మార్చారు. జలుబు చేసిందని ఆవిడే ఏదో మాత్ర తెప్పించుకుని వేసుకుంటోంది. మా అన్నయ్య ఫోన్‌లో "వయసు మీద పడింది, చాదస్తం, పట్టించుకోకు" అంటున్నాడు. ఇంకొకరు పిచ్చి డాక్టర్‌కి చూపించమన్నారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. ఆసుపత్రి అంటేనే ఆవిడ ససేమిరా అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు 1

నేను వృద్ధుల వార్డులో నర్సుగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీకు మనసొప్పకపోవడమే సరైనది. వయసు వల్ల వచ్చే మతిమరుపు వారంలో రాదు. అల్జీమర్స్ లాంటివి నెలలు, సంవత్సరాలు తీసుకుంటాయి. కొన్ని గంటల్లోనో కొన్ని రోజుల్లోనో మనిషి మారిపోయి, పొద్దున ఒకలా, రాత్రికి ఇంకోలా ఉంటూ, మధ్యలో మత్తుగా పడి ఉంటే మేము ముందు డెలీరియం అనుకుంటాం. అంటే ఒంట్లో ఎక్కడో వచ్చిన తేడా మెదడు పని మీద పడిందని. కారణం దొరికితే చాలామందికి తగ్గుతుంది. అందుకే ఇవాళే చూపించండి, రేపటిదాకా ఆగొద్దు. ముందు జనరల్ ఫిజీషియన్ చాలు. అవసరమైతే న్యూరాలజిస్ట్ దగ్గరికి ఆయనే పంపుతారు.

మీరు రాసినదాంట్లో నా కళ్లు ఆగింది మాత్రల దగ్గర. కొన్ని బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు కలిసి ఉంటుంది. దానివల్ల పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పడిపోయి మనిషి తికమకపడొచ్చు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనే అలా జరగడం మామూలు. ఇక పాత రకం జలుబు మాత్రలు, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి, పెద్దవాళ్లకి అయోమయం తెప్పిస్తాయి. మూత్రం బిగపట్టేస్తాయి, విరేచనం ఆపేస్తాయి. ఆ రెండింటివల్ల కూడా డెలీరియం వస్తుంది. జలుబు మాత్ర ఇప్పుడే ఆపేయండి. బీపీ మాత్రని మాత్రం సొంతంగా ఆపకండి, డాక్టర్‌ని అడగండి. శాంతపడుతుందని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర అసలే ఇవ్వద్దు.

జ్వరం లేదని ఇన్‌ఫెక్షన్ లేదనుకోకండి. ఈ వయసులో మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒళ్లు కాలకపోవచ్చు. సోడియం, షుగర్, కిడ్నీ పరీక్షలు, కాల్షియం, థైరాయిడ్, బి12, మూత్రపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే లాంటివి రాస్తారు.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల షీట్లన్నీ, జలుబు మాత్రతో సహా, సంచిలో వేసుకెళ్లండి. డాక్టర్‌తో "వారం కిందటిదాకా ఈవిడ లెక్కలన్నీ తనే చూసుకునేది, ఇది ఆవిడ స్వభావం కాదు" అని గట్టిగా చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక మొదటిసారి చూసిన డాక్టర్ ఆ మనిషి ఎప్పుడూ ఇంతే అనుకున్న సందర్భాలు నేను ఎన్నో చూశాను. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, లేపినా లేవకపోయినా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

జవాబు 2

పైన చెప్పినవాటికి ఒకటి కలుపుతాను. ఈ మధ్య ఆవిడ ఎక్కడైనా పడ్డారా? మా నాన్నగారికి తలుపు చెక్క తలకి తగిలింది. బొప్పి కూడా కట్టలేదు, అందరం మర్చిపోయాం. కొన్ని వారాల తర్వాత ఊరికే కోపం, ఏడుపు, నడకలో తూలు. సీటీ స్కాన్‌లో పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి ఉంది. చిన్న రంధ్రం పెట్టి తీసేశాక మళ్లీ మా నాన్నలా మాట్లాడారు. ఆస్పిరిన్, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా జరుగుతుందని అప్పుడు చెప్పారు. డాక్టర్ అడగకపోయినా పడిన సంగతి మీరే చెప్పండి.

జవాబు 3

తిట్ల గురించి మీరు అడగలేదు గానీ, మీ మాటల్లో ఆ నొప్పి కనిపిస్తోంది. మా అత్తగారి విషయంలో నేను పడ్డాను కాబట్టి రాస్తున్నాను. "నేను తీయలేదు పెద్దమ్మా" అని రుజువు చేయబోతే గొడవ పెరుగుతుంది. "పాస్‌బుక్ కనబడలేదా, పద, ఇద్దరం వెతుకుదాం" అనండి. గోడ మీద ఏమీ లేదని వాదించొద్దు, ఉందని కూడా అనొద్దు. "నీకు భయమేస్తోంది కదా, నేనిక్కడే ఉన్నాను" అంటే చాలు. కళ్లజోడు, వినికిడి మిషన్ ఉంటే తప్పకుండా పెట్టండి. సగం అనుమానాలు సరిగ్గా కనబడక, వినబడకే. రాత్రి చిన్న లైటు వెలగనివ్వండి. గదిలో ఒకరిద్దరు తెలిసినవాళ్లే ఉండాలి, పదిమంది చుట్టూ చేరి "నన్ను గుర్తుపట్టావా?" అని పరీక్షలు పెట్టకూడదు.

ఆసుపత్రికి రమ్మంటే రారు కాబట్టి నిజాన్నే ఇంకో వైపు నుంచి చెప్పండి. "బీపీ మాత్ర మార్చారు కదా, ఒంటికి పడిందో లేదో రక్తం చూడాలి" అనండి. పొద్దున్నపూట, మనసు తేటగా ఉన్నప్పుడే అడగండి. కానీ సాయంత్రం పరిస్థితి ముదిరితే పొద్దుటిదాకా చూడొద్దు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. "రక్తం చూడాలి" అనగానే పెద్దమ్మ గొణుక్కుంటూనే బయల్దేరింది. ఎక్కడా పడలేదని చెప్పాను, అయినా స్కాన్ తీశారు, అందులో ఏమీ లేదు. సోడియం 118 వచ్చింది. 135కి తగ్గకూడదట. వెంటనే చేర్చుకున్నారు. బీపీ మాత్రలో నర్సుగారు చెప్పిన మందే ఉంది, మార్చేశారు. సోడియంని ఒక్కసారిగా పెంచితే మెదడుకే ప్రమాదమట, అందుకే పూట పూటకీ రక్తం చూస్తూ నెమ్మదిగా పెంచుతున్నారు. గోడ మీద పురుగులు పోయాయి. మావారిని పేరు పెట్టి పిలిచింది. కానీ రాత్రుళ్లు ఇంకా కొంచెం తికమక ఉంది. ఇంకో సంగతి. అన్న మాటలు కొన్ని ఆవిడకి గుర్తున్నాయి. "నిన్ను దొంగవి అన్నానా?" అని అడిగి ముఖం తిప్పేసుకుంది. ఏం చెప్పను?

జవాబు 1 రాసినవారు

అన్నారనే చెప్పండి. దాచిపెడితే ఇంకేమేం అన్నానోనని ఆవిడ ఊహించుకుంటూ కుంగిపోతారు. "ఉప్పు తగ్గి మెదడు తడబడింది, అది నువ్వు కాదు" అని చెప్పండి. టీచర్ కదా, రిపోర్టులో ఆ 118 అంకె చూపించండి, అర్థం చేసుకుంటారు. సోడియం సర్దుకున్నా మనిషి పూర్తిగా తేరుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, కంగారుపడకండి.

డిశ్చార్జ్ కాగితంలో ఆ మందు పేరు రాసి ఇది ఈవిడకి పడదని రాయించుకోండి. రేపు ఇంకో డాక్టర్ తెలియక మళ్లీ అదే రాయకుండా ఉంటుంది. సోడియం మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీ అడగండి. రోజుకి ఎన్ని నీళ్లు తాగొచ్చో కూడా అడగండి, మంచిదని మీరు ఎక్కువ తాగించకండి. కొన్ని నెలలయ్యాక ఒకసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. డెలీరియం వచ్చినవాళ్లలో లోపల మతిమరుపు అప్పుడే మొదలై ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పుడే చేయిస్తే అంకెలు తప్పుగా వస్తాయి. మీ అన్నయ్యకి కూడా ఆ రిపోర్టు పంపండి.