వేరే దేశంలో తాగిన బీరుకు మార్కులు ఏ లెక్కన వెయ్యాలి?

బాటసారి:
లండన్ వెళ్ళినప్పుడు ఒక పబ్బులో బిట్టర్ అనే ఇంగ్లిష్ రకం బీరు తాగాను. పీపాలోంచి చేతి పంపుతో లాగి పోశారు. చల్లగా లేదు, గ్యాస్ లేనట్టే ఉంది. బీర్లకు మార్కులు వేసే యాప్‌లో 5కి 2 ఇచ్చి, కింద "చల్లగా లేదు, చప్పగా ఉంది" అని రాశాను. పక్కనున్న స్నేహితుడు ఒప్పుకోలేదు. "అది ఉండాల్సింది అలాగే, నువ్వే తప్పు మార్కు వేశావు" అన్నాడు. హోటల్‌కి వచ్చాక కూడా ఆ వాదన తెగలేదు. నా మాట ఒక్కటే: తాగింది నేను, నచ్చనిది నాకు. నచ్చని దానికి 4 వేస్తే అది అబద్ధం కాదా? మీరేమంటారు?

పీపాపక్షం:
మీ స్నేహితుడి వైపే నేను. ఆ బీరు పీపాలో కూడా పులుస్తూనే ఉంటుంది, అందులో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు, ఎందుకంటే అంతకంటే చల్లబరిస్తే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన, హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) వాసన రెండూ అణిగిపోతాయి. ఈ పద్ధతి కనుమరుగైపోతుందన్న బాధతో అక్కడి తాగేవాళ్ళే 1971లో కామ్రా అనే సంఘం పెట్టుకుని పోరాడారు. వాళ్ళు కాపాడుకున్న గుణాన్నే మీరు లోపంగా రాశారు. అందులో నిజమైన లోపాలు వేరే ఉంటాయి. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే లోపలికి గాలి చేరి వెనిగర్ వాసన మొదలవుతుంది. అలాంటి గ్లాసు వస్తే 1 వెయ్యండి, నేనూ వేస్తాను.

చేదుమాత్రమే:
పీపాపక్షం గారూ, మీరు రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేస్తున్నారండీ. బీరు పోటీల్లో జడ్జిలు వాడే 50 మార్కుల పత్రం ఉంది కదా: వాసనకు 12, కనిపించే తీరుకు 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకు 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. అక్కడ అడిగేది "ఈ రకానికి ఇది మంచి నమూనాయేనా" అని. యాప్‌లో చుక్కలు అడిగేది "నీకు నచ్చిందా" అని. బాటసారి గారు రెండో ప్రశ్నకు నిజాయితీగా జవాబిచ్చారు. ఆ ఊరి పద్ధతి తెలియనివాళ్ళు మార్కు వెయ్యకూడదంటే ప్రయాణంలో ఎవరూ వెయ్యలేరు.

రెండోగుటక:
నా అనుభవం చెప్తాను. బ్రస్సెల్స్‌లో మొదటిసారి గ్యూజ్ అనే బెల్జియం పుల్ల బీరు తాగినప్పుడు ముఖం ముడుచుకుపోయింది. పులుపు, ఏదో పాత చెక్కపెట్టె తెరిచినట్టు వాసన. వెంటనే ఫోన్ తీసి 1.5 కొట్టాను. ఆ గ్లాసు సగం కూడా కాలేదు. అప్పుడు అక్కడ పనిచేసే పెద్దాయన వచ్చి ఓపికగా చెప్పారు. కాచిన ద్రవాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టిలో తెరిచి ఉంచుతారట, గాలిలోని ఈస్టే వచ్చి చేరుతుందట, ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు పీపాల్లో మాగిన వాటిని కలిపి సీసాలో పోస్తారట. ఆయన చెప్పినంతసేపూ చిన్న చిన్న గుటకలు వేస్తూనే ఉన్నాను. పులుపు వెనకాల నిమ్మతొక్క లాంటిదేదో తగిలింది. గ్లాసు అయిపోయేసరికి ఇంకొకటి అడిగాను. మార్కు మార్చాను, 4.25.

జర్మనీలోని బామ్‌బెర్గ్‌లో పొగబెట్టిన మాల్ట్ బీరు గురించి అక్కడివాళ్ళే అంటారు, మూడో గ్లాసు నుంచి నచ్చుతుందని. మొదటి గుటకకే ఫోన్ తియ్యకండి, నేను చెప్పేది అంతే.

చేదుమాత్రమే:
మీ మార్కు పెరగడానికి కారణం బీరా, ఆ పెద్దాయన మాటలా? ఒక్కసారి ఆలోచించండి. సెలవులో ఉన్నాం, మనసు తేలిగ్గా ఉంది, ఎదుట మనిషి ప్రేమగా మాట్లాడుతున్నాడు. ఆ 4.25లో సీసాలోంచి వచ్చింది ఎంత?

రెండోగుటక:
ఆలోచించానండీ. కొంత ఆయనదే, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ తాగాం అన్నది ఒట్టి మూడ్ సంగతి కాదు. చెక్ దేశంలోని పిల్జెన్‌లో, పిల్స్‌నర్ ఉర్క్వెల్ అనే బీరు తయారుచేసే పాత బ్రూవరీ నేలమాళిగల్లో, వడకట్టని ఆ బీరును ఓక్ పీపాలోంచి నేరుగా పోస్తారు. అది తాగినవాళ్ళు, అదే పేరుతో ఉన్న సీసా తాగినవాళ్ళు ఒకే పేజీలో మార్కులు వేస్తున్నారు. పైగా ఆకుపచ్చ సీసా ఎండ తగిలేచోట పెడితే వెలుతురుకి హాప్స్ చేదు విరిగి కంపు కొడుతుంది. ఆ కంపుకు వేసిన మార్కు బ్రూవరీకి వేసినట్టా, ఆ సీసాను ఎండలో పెట్టినవాడికి వేసినట్టా?

ఆపిల్‌తోట:
అందరూ బీరు దగ్గరే ఆగిపోయారు, సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం) సంగతి చూడండి. స్పెయిన్‌లో ఆస్టూరియాస్ సైడర్‌లో దాదాపు గ్యాస్ ఉండదు. పోసే మనిషి ఒక చేత్తో సీసాను తలపైకి ఎత్తి, రెండో చేతిలో గ్లాసును తొడ దగ్గర వాల్చి పట్టుకుంటాడు. సన్నటి ధార గ్లాసు అంచుకు కొట్టుకుని చిట్లుతుంది. అడుగున రెండు మూడు వేళ్ళ మందం పడుతుంది, అంతే. ఆ బుడగలు నిమిషం కూడా నిలవవు కాబట్టి వెంటనే ఒక్క గుక్కలో తాగెయ్యాలి. కొంచెం మిగిల్చి, పెదాలు తగిలిన అంచును దానితోనే కడిగినట్టుగా పారబోస్తారు.

నేను మొదటి రోజు ఆ గ్లాసును టేబుల్ మీద పెట్టి, ఫోటో తీసి, వాసన గురించి నోట్స్ రాసి, ఆ తర్వాత తాగాను. చచ్చిపోయిన సైడర్ తాగి 2.5 ఇచ్చాను. మర్నాడు పోసిన క్షణంలోనే తాగితే పచ్చి ఆపిల్ తొక్క వాసన ముక్కుకు గుప్పున తగిలింది. ఆ తేడా తెచ్చింది నా మూడ్ కాదు, తాగిన తీరు. చేదుమాత్రమే గారూ, నచ్చిందా లేదా అన్నదే ప్రశ్న అనుకున్నా, ఆ మొదటి 2.5 దేనికి వేసినట్టు?

చేదుమాత్రమే:
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ 2.5 తీసెయ్యాల్సిందే. కానీ లండన్ బిట్టర్ సంగతి వేరు, దాన్ని సరిగ్గానే పోశారు, సరిగ్గానే తాగారు, అయినా నచ్చలేదు.

బాటసారి:
ఇందాకే నా పాత రేటింగ్ తెరిచాను. "చల్లగా లేదు" అన్న మాట తీసేశాను, అది లోపం కాదని అర్థమైంది. దాని బదులు "పీపా బీరు, ఒక్క గ్లాసే తాగాను, నాకు అలవాటు లేని రకం" అని రాశాను. 2 మాత్రం మార్చలేదు.

పీపాపక్షం:
మాట మార్చి మార్కు ఉంచితే ఏం లాభమండీ? సగటులోకి వెళ్ళేది ఆ 2 ఒక్కటే, మీ మాటలు కాదు. రెండో గ్లాసు తాగేదాకా ఆ మార్కునూ తీసెయ్యండి.